తీరిక అని పేరు పెట్టిన పని

యూట్యూబ్ చూసి క్రోషే నేర్చుకున్న వాళ్ళందరికీ ఏదో ఒక రోజు ఈ విషయం తెలుస్తుంది, తెలిసినప్పుడు కాస్త ఆగి ఆలోచిస్తారు కూడా. క్రోషేకి మెషీన్ లేదు. మేజోళ్ళు అల్లే యంత్రాన్ని ఇంగ్లండులో విలియం లీ 1589లోనే తయారుచేశాడు. ఇవాళ స్వెటర్లు, టీషర్టులు, సాక్సులు అల్లే యంత్రాలన్నీ ఆ వంశంలోవే. ఒక్క కొక్కెంతో, ఒక్క దారంతో చేసే క్రోషే మాత్రం ఇప్పటికీ పరిశోధనశాలల్లో నమూనాల దగ్గరే ఆగిపోయింది. ఫ్యాక్టరీలోకి రాలేదు.

కారణం ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి నచ్చేలా ఉంటుంది. సూదులతో చేసే నిట్టింగ్‌లో వరసలోని లూపులన్నీ ఒకేసారి సూది మీద తెరిచి ఉంటాయి. ఒక్కో లూపుకి ఒక్కో సూదిని కేటాయించి వరసగా పేర్చేస్తే యంత్రం సిద్ధం. క్రోషేలో అలా కాదు. ఏ క్షణాన చూసినా కొక్కెం మీద పనిలో ఉన్నది ఒకటో రెండో లూపులు, అంతే. మిగతాదంతా ముగిసిపోయిన బట్ట. తర్వాతి కుట్టు కోసం ఆ బట్టలో ఎక్కడైనా, ముందునుంచైనా వెనకనుంచైనా కొక్కెం దూర్చచ్చు. ఎక్కడ దూర్చాలో ప్రతిసారీ కళ్ళూ వేళ్ళూ కలిసి తేల్చుకోవాలి. మార్కెట్లో "క్రోషే మెషీన్" అన్న పేరుతో దొరికేవి నిజానికి వార్ప్ నిట్టింగ్ యంత్రాలు. అంచులకి కుట్టే పట్టీలు, క్రోషేని పోలిన బట్టలు వాటితో వస్తాయి. దగ్గరగా చూస్తే అల్లిక తేడా తెలిసిపోతుంది.

అంటే, మీరు చూసిన ప్రతి అసలైన క్రోషే వస్తువు వెనకా రెండు చేతులున్నాయి. మీ ఫ్రెండ్ అల్లుకున్న కార్డిగన్ వెనకా ఉన్నాయి, మాల్‌లో హ్యాంగరుకి వేలాడుతున్న టాప్ వెనకా ఉన్నాయి. ఈ సంగతి తెలిశాక నాకు క్రోషే చరిత్ర మీద ఆసక్తి పెరిగింది. చేతులు తప్పనప్పుడు అవి ఎవరి చేతులు, వాటికి ఎంత ఇచ్చారు అన్నదే అసలు ప్రశ్న అవుతుంది కదా.

క్రోషే మనం అనుకునేంత పాతదేం కాదు. పేరు ఫ్రెంచి వాళ్ళది, అర్థం చిన్న కొక్కెం. ఇప్పుడు మనకు తెలిసిన రూపంలో యూరప్‌లో అది బాగా వ్యాపించింది 19వ శతాబ్దంలోనే. ఆ వ్యాప్తి రెండు దారుల్లో జరిగింది. ఒకటి ప్యాటర్న్ పుస్తకాల దారి. 1840లలో లండన్‌లో రీగో ద లా బ్రాంషార్దియేర్ అనే ఆవిడ క్రోషే నమూనాల పుస్తకాలు వరసగా వేసింది. కొనుక్కున్నది మధ్యతరగతి, పైతరగతి స్త్రీలు. వాళ్ళకి అది కాలక్షేపం, ఇంకా మంచి పెంపకానికి గుర్తు.

రెండోది ఆకలి దారి. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంట తెగులుకి కుళ్ళిపోవడం మొదలైంది. తర్వాతి కొన్నేళ్ళలో దాదాపు పది లక్షలమంది చనిపోయారు, మరో పది లక్షల పైచిలుకు దేశం వదిలిపోయారు. ఆ కరువులో క్రైస్తవ సన్యాసినులు, దాతలు పేద ఇళ్ళలోని ఆడవాళ్ళకీ పిల్లలకీ క్రోషే నేర్పారు. మొనాఘన్ కౌంటీలోని క్లోన్స్ అనే ఊళ్ళో, చర్చి పెద్ద భార్య కసాండ్రా హ్యాండ్ 1847లో ఇలాగే లేసు పని మొదలుపెట్టించింది. వెనిస్ వాళ్ళ సూది లేసు చాలా ఖరీదు, చాలా నిదానం. దానిలా కనిపించేదాన్ని కొక్కెంతో త్వరగా అల్లచ్చు. పనిముట్టు చవక, దారం చవక, చెయ్యి అంతకన్నా చవక.

ఐరిష్ క్రోషేలో ఇంకో సౌకర్యం ఉంది. గులాబీ, ఆకు, ద్రాక్షగుత్తి, ఇలా ఒక్కో ముక్కనీ విడిగా అల్లి, తర్వాత అన్నిటినీ సన్నటి జాలీతో కలుపుతారు. కాబట్టి ఒక ఇంట్లో గులాబీలే, ఇంకో ఇంట్లో ఆకులే అల్లినా సరిపోతుంది. మా భాషలో చెప్పాలంటే మాడ్యులర్ డిజైన్. ఎవరి ముక్క వాళ్ళది. మొత్తం కాలరు ఎలా ఉంటుందో, ఎంతకి అమ్ముడుపోతుందో ముక్క అల్లినావిడకి తెలియక్కర్లేదు.

ఈ రెండో దారే మన గోదావరి దాకా వచ్చింది.

మనలో చాలామందికి క్రోషేతో మొదటి పరిచయం అది క్రోషే అని తెలియకుండానే జరిగింది. టీవీ మీద తెల్లటి లేసు కవరు, ట్రే మీద గుండ్రటి లేసు గుడ్డ, గుమ్మానికి లేసు తోరణం, లంగా అంచుకి లేసు. పశ్చిమ గోదావరిలో దీని పేరు లేసే. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్ళలో మధ్యాహ్నం వంటపని అయ్యాక ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని లేసు అల్లడం అనేది తరాలుగా కనిపించే దృశ్యం. 19వ శతాబ్దంలో మిషనరీలు తెచ్చిన పని ఇది. మెక్రే దంపతుల పేరు అక్కడ ఇప్పటికీ చెప్తారు. మొదట నేర్చుకున్నది కొత్తగా క్రైస్తవం తీసుకున్న పేద దళిత కుటుంబాల స్త్రీలు. మిషనరీలే దారం ఇచ్చి, అల్లినదాన్ని తమ దేశాల్లో పరిచయస్తుల ద్వారా అమ్మిపెట్టేవాళ్ళు. 20వ శతాబ్దంలో అది ఎగుమతి వ్యాపారమైంది. ఎగుమతిదారుడు, ఏజెంటు, ఏజెంటు దగ్గర దారం తీసుకునే ఇల్లాలు, ఇలా ఒక గొలుసు ఏర్పడింది. ఐర్లండులో లాగే ఇక్కడా పని ముక్కలైంది. పువ్వులు అల్లేవాళ్ళు కొందరు, వాటిని కలిపే అతుకుపని చేసేవాళ్ళు ఇంకొందరు.

ఈ గొలుసుని మొదట్లోనే లోతుగా చదివినావిడ జర్మన్ సామాజికవేత్త మరియా మీస్. 1970ల చివర్లో నరసాపురం ప్రాంతంలో ఉండి అధ్యయనం చేసి, 1982లో "ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అన్న పుస్తకం వేసింది. చిన్న పుస్తకమే కానీ ప్రపంచమంతా స్త్రీవాద ఆర్థికశాస్త్రం చదివేవాళ్ళకి నరసాపురం పేరు తెలిసింది దీనివల్లే. మనలో ఎంతమంది చదివామన్నది వేరే సంగతి.

అప్పటికి లేసు అల్లేవాళ్ళు లక్షకి పైగా ఉన్నారు. వాళ్ళలో పేద కాపు కుటుంబాల స్త్రీలు చాలామంది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు మీదే కూర్చునేవాళ్ళు, ఇంటిపని దీనికి అదనం. అంత చేస్తే వచ్చేది రూపాయి కూడా కాదు. అదే ఊళ్ళో పొలం పనికి వెళ్ళే దళిత స్త్రీలకి రోజుకూలి అంతకన్నా ఎక్కువ. మరి పొలానికి ఎందుకు వెళ్ళలేదు? గోషా. ఇల్లు దాటి కూలికి వెళ్తే పరువు పోతుంది. లేసు అల్లితే తను ఇంకా "ఇంట్లో ఉండే మనిషే". ఆ పరువుకి కట్టిన ఖరీదు రోజూ కూలిలోంచి కోసినట్టే అయింది. ఇలా ఆడవాళ్ళని ముందు ఇల్లాళ్ళుగా నిర్వచించి, వాళ్ళ శ్రమని పని కాకుండా చేసే ప్రక్రియకి మీస్ ఒక పేరు పెట్టింది. తెలుగులో చెప్పాలంటే "ఇల్లాలీకరణ" అనాలేమో.

ఇందులో నన్ను ఆపేసింది కూలి అంకె కన్నా ఒక మాట. తీరిక. ఎగుమతిదారులకి, ఏజెంట్లకి, ఇంట్లో మగవాళ్ళకి, చివరికి అల్లే స్త్రీలలో చాలామందికి కూడా ఇది "తీరిక వేళల్లో చేసే పని". తీరిక వేళల్లో చేసేది పని కాదు కాబట్టి జనాభా లెక్కల్లో వాళ్ళు కార్మికులుగా దాదాపు కనిపించలేదు. కార్మికులు కానివాళ్ళకి కనీస వేతనం ఏమిటి, యూనియన్ ఏమిటి? లండన్ డ్రాయింగ్ రూములో ప్యాటర్న్ పుస్తకం తెరిచిన స్త్రీకి సరిపోయిన మాటని తీసుకొచ్చి గోదావరి గట్టున ఎనిమిది గంటలు అల్లుతున్న స్త్రీకి తగిలించారు. కుట్టు ఒకటే, కొక్కెం ఒకటే. అందుకని మాట కూడా ఒకటే అయితే ఏంపోయింది అనిపిస్తుంది. పోయింది కూలి.

పుస్తకంతో నాకొక చిన్న పేచీ ఉంది. వేతనాల లెక్క ఉన్నంత వివరంగా అల్లికలోని ఇష్టం అందులో లేదు. కొత్త నమూనాని చూసి వేళ్ళతో అర్థం చేసుకోవడం, పువ్వు సరిగ్గా చదునుగా పడినప్పుడు కలిగే తృప్తి, ఇవి దోపిడీలో ఉన్న మనిషికి ఉండవని అనుకోలేను. నైపుణ్యం గురించి మాట్లాడకపోతే, "వీళ్ళు చేసేది ఎవరైనా చేస్తారు" అనే ఏజెంటు వాదానికే తెలియకుండా బలం ఇచ్చినట్టు అవుతుంది. నేను వాడేది నాలుగు మిల్లీమీటర్ల కొక్కెం, లావు యార్న్. నరసాపురం లేసుకి సన్నటి స్టీలు కొక్కెం, సన్నటి నూలు దారం. నా అరచేయి అంత చతురస్రం పట్టే జాగాలో వాళ్ళు ఓ చిన్న తోటే పెడతారు.

ఇప్పటి సంగతికి వద్దాం. నేనూ ఆఫీసు కాల్స్‌లో కెమెరా ఆపుకుని క్రోషే అల్లే బాపతే. ఈమధ్య ఒక కార్డిగన్ పూర్తిచేశాను. యార్న్‌కి 1,800 రూపాయలు, సమయం 70 గంటలు. వేసుకుని ఆఫీసుకి వెళ్తే అందరూ అడిగేది ఒకటే: "సూపర్ ఉంది, అమ్ముతావా? ఎంతకిస్తావు?" గంటకి కేవలం 50 రూపాయలు వేసుకున్నా 5,300 అవుతుందని చెప్తే నవ్వేసి, "మాల్‌లో క్రోషే టాప్ 1,299కే వస్తుంది కదా" అన్నారు. నిజమే, వస్తుంది. అది అసలైన క్రోషే అయితే, ఆ 1,299లో షాపు అద్దె, రవాణా, పన్ను, బ్రాండు లాభం అన్నీ పోయాక దారం ఖర్చు, దాన్ని పన్నెండు గంటలో పదిహేను గంటలో కూర్చుని అల్లిన మనిషి కూలి మిగలాలి. లెక్క మీరే వేసుకోండి. నాకైతే 1970ల నాటి రూపాయే గుర్తొస్తుంది.

మార్పు అసలు లేదని కాదు. నరసాపురం దగ్గర లేసు కోసం ప్రత్యేకంగా ట్రేడ్ సెంటర్ పెట్టారు, స్త్రీల సహకార సంఘాలు ఉన్నాయి. 2024లో నరసాపురం క్రోషే లేసుకి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. మంచిదే, చైనా నుంచి వచ్చే చవక సరుకుతో పోటీపడటానికి పేరు పనికొస్తుంది. కానీ జీఐ కాపాడేది ఊరి పేరుని. ముక్కకి ఇంత అని ఇచ్చే కూలిని అది ముట్టుకోదు. దానికోసం వేరే చట్టాలు కావాలి. ఇంట్లో కూర్చుని చేసే పని కూడా పనే, ఆ చేసేవాళ్ళూ కార్మికులే అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ నంబరు ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.

అయితే హాబీగా అల్లడం తప్పా? అస్సలు కాదు. పైగా అల్లినవాళ్ళకే ఈ వస్తువు అసలు ధర చేతుల్లోంచి తెలుస్తుంది. 70 గంటలు కూర్చున్నాక ఏ లేసు ముక్కనీ "ఏముంది, దారమే కదా" అని బేరమాడలేం. నాకు తెలిసి హాబీ చేసిపెట్టగల రాజకీయమైన మేలు ఇదే.

హాబీకీ పనికీ ఉన్న తేడా క్రోషేలో చాలా తేలిగ్గా కనిపిస్తుంది కూడా. క్రోషేలో చివరి లూపు లాగితే చాలు, అల్లిందంతా సరసరా ఊడొచ్చేస్తుంది. చంకల దగ్గర కొలత కుదరలేదని నేను పది గంటల అల్లిక ఊడదీసి, దారం మళ్ళీ ఉండ చుట్టుకున్నాను. నాకు పోయిందేం లేదు, శనివారం కాస్త ఎక్కువసేపు అల్లాను, అంతే. ముక్కకి ఇంత అని కూలి తీసుకునే స్త్రీ పది గంటల అల్లిక ఊడదీస్తే ఆ పది గంటల కూలీ పోతుంది. ఊడదీయకుండా ఇస్తే ఏజెంటు బాగాలేదని పక్కన పెట్టేస్తాడు. ఇష్టం వచ్చినప్పుడు ఊడదీసుకోగలిగితే దాన్ని తీరిక అనచ్చు. ఊడదీస్తే కూలి పోయేదానికి మాత్రం ఆ పేరు పెట్టడం మానేద్దాం.