ప్రరోచన నుంచి ట్రైలరు దాకా

నాటకం ఆరంభించే ముందు ప్రేక్షకుని మనస్సును దానివైపు త్రిప్పుకొనే ఉపాయానికి మన పూర్వులు ప్రరోచన అని పేరు పెట్టినారు. సూత్రధారుడు రంగం మీదికి వచ్చి, కవి ఎవరో, కావ్యం ఏదో, చూడవచ్చిన సభ ఎంత రసజ్ఞమైనదో నాలుగు మాటలలో చెప్పి తప్పుకొంటాడు. కథ చెప్పడు, కథ మీద రుచి పుట్టిస్తాడు. నేడు చలనచిత్రం విడుదలకు ముందు రెండు మూడు నిమిషాల పాటు చూపించే ట్రైలరు చేసే పని కూడా ఇదే. అయితే వైజ్ఞానిక కల్పనతో కూడిన సాహసగాథకు ట్రైలరు కూర్చేవాని పని తక్కిన వారి పనికంటె కష్టమైనది. ప్రేమకథ అయితే ప్రేక్షకునికి ప్రేమ తెలుసు. కుటుంబగాథ అయితే కుటుంబం తెలుసు. ఎనిమిది వందల యేండ్ల తరువాతి లోకాన్ని ఎవడు చూచినాడు? చూడని లోకం మీద ఆశ పుట్టించడం ఎట్లా? ఈ ప్రశ్నకు సమాధానం మన రంగస్థల చరిత్రలోనే కొంత ఉన్నది. ఆ చరిత్రలో కడప సీమకు భాగం ఉన్నది.

కూచిపూడి వారి భామాకలాపంలో సత్యభామ ఒక్కసారిగా మన యెదుటికి రాదు. ఇద్దరు మనుషులు తెర పట్టుకొని నిలుచుంటారు. ఆ తెర మీదుగా పొడవైన జడ ఒకటి ఇవతలికి పడుతుంది. ముఖం లేదు, మాట లేదు, జడ మాత్రమే. ఆ జడను చూచినవాడు ముఖం చూడకుండా ఇంటికి పోలేడు. కొంత చూపి కొంత దాచడంలోని బలం మనవారికి ట్రైలరు పుట్టక చాలా ముందే తెలుసునన్న మాట.

అయితే దాచడం ఒక్కటే చాలదు. చూపిన ఆ కొంచెం చూచేవానిదై ఉండవలె. దీనికి నిదర్శనం మాచుపల్లె కైఫియతు. మాచుపల్లె కడప జిల్లాలోని గ్రామం. పదహారవ శతాబ్ది ఆరంభంలో సిద్ధవటం సీమను ఏలిన సమ్మెట గురవరాజు పన్నుల కోసం ప్రజలను, స్త్రీలను సైతం, క్రూరంగా హింసించేవాడట. ఆ దారిన పోతున్న కూచిపూడి భాగవతులు ఈ ఘోరం చూచినారు. విజయనగరం చేరి వీర నరసింహరాయల యెదుట ప్రదర్శన ఇచ్చినప్పుడు గురవరాజు వేషం కట్టి, తాము చూచినదే ఆడి చూపినారు. ఇదేమి వింత ఆట అని రాయలు విచారించినాడు. సంగతి తెలిసి గురవరాజును పట్టించి శిక్షించినాడు అని కైఫియతు చెప్పుతున్నది. ఆ సభలో రాయలు చూచినది వేషం. తెలిసికొన్నది తన రాజ్యం. కొద్దిపాటి ప్రదర్శన ఇంతపని చేసిందంటే, అందులో ఆయనకు సంబంధించినది ఏదో ఉండబట్టే.

ఇక ట్రైలరు మాట. ఆ ఇంగ్లీషు మాటకు వెనుక ఈడ్చుకొని వచ్చేది అని అర్థం. 1913లో న్యూయార్కు నగరంలో, మార్కస్ లో అనే ఆసామి సినిమాశాలల ప్రచారం చూచే నిల్స్ గ్రాన్‌లండ్, రాబోయే సంగీత నాటకం ఒకదాని అభ్యాస దృశ్యాలను చిన్న చిత్రంగా తీసి తెర మీద చూపించినాడు. తొలినాళ్లలో ఇటువంటి ముక్కలను ఆట ముగిసిన తరువాత, చిత్రానికి తోకగా వేసేవారు గనుక ఆ పేరు వచ్చినది. ఆట ముగియగానే జనం లేచిపోతారని గ్రహించిన మీదట తోక తలకు వచ్చినది. పేరు మాత్రం మారలేదు.

మన పల్లెలలో ఈ పనిని చాలాకాలం ఎద్దుల బండి చేసినది. టూరింగు టాకీసు గుడారం వేసిన ఊరి చుట్టుప్రక్కల, రెండు వైపుల గోడపత్రికలు కట్టిన బండి డప్పు చప్పుడుతో తిరిగేది. వెనుక పిల్లలు కరపత్రాల కోసం పరుగెత్తేవారు. రేడియో కూడా తనవంతు చేసినది. ఆకాశవాణి తెలుగు కేంద్రాలు ప్రసారం చేసిన సంక్షిప్త శబ్దచిత్రాలను విన్న ఇండ్లవారికి ఒక సంగతి అనుభవంలో ఉన్నది. బొమ్మ లేదు, సంభాషణ, పాట, గుర్రపు డెక్కల చప్పుడు, తలుపు కిర్రుమన్న ధ్వని మాత్రమే ఉన్నవి. అయినా వినేవాడు తన మనస్సులో కోట కట్టుకొన్నాడు. ఆ కోట తానెరిగిన కోట వలెనే ఉన్నది. కడప శ్రోతకు అది సిద్ధవటమో గండికోటయో అయితే, కర్నూలు శ్రోతకు కొండారెడ్డి బురుజు అయి ఉంటుంది. చూపని దానిని శ్రోత తన సొంత ధనంతో నింపుకొంటాడు.

వైజ్ఞానిక కల్పన ఆధారపడేది సరిగా దీనిమీదనే. 1938 అక్టోబరు 30వ తేదీన అమెరికాలో ఆర్సన్ వెల్స్, హెచ్. జి. వెల్స్ 1898లో ప్రచురించిన నవలను రేడియో నాటకంగా ప్రసారం చేసినాడు. కుజగ్రహవాసులు భూమి మీదికి దండెత్తి వచ్చిన కథ అది. ఆయన దానిని నృత్యసంగీతం మధ్య వచ్చే అత్యవసర వార్తల రూపంలో చెప్పించినాడు. కొందరు శ్రోతలు నిజమని భయపడినారు. దేశమంతా అల్లకల్లోలమైనదని పత్రికలు వ్రాసినది మాత్రం అతిశయోక్తి అని తరువాతి పరిశోధకులు తేల్చినారు. మనం గ్రహించవలసినది ఆయన ఉపాయం. కుజగ్రహం ఎవరికీ తెలియదు. వార్తలు చదివే కంఠం అందరికీ తెలుసు. తెలియని దానిని తెలిసిన పాత్రలో పోసి ఇచ్చినాడు.

తెలుగు తెర మీద ఈ విద్యను తొలినాడే పట్టుకొన్న వారిలో మన సీమవారు ముఖ్యులు. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి విజయా సంస్థను నడిపినాడు. తాడిపత్రివాడైన కె. వి. రెడ్డి ఆ సంస్థకు 1951లో ‘పాతాళభైరవి’ని, 1957లో ‘మాయాబజార్’ను తీసి ఇచ్చినాడు. ‘మాయాబజార్’లో ప్రియదర్శిని అనే పెట్టె ఉన్నది. మూత తెరిచినవారికి తమ మనస్సుకు ప్రియమైనది అందులో కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడినాడు. కృష్ణుడు చూస్తే శకుని కనబడినాడు. దేశంలో టెలివిజను ప్రసారాలు ఢిల్లీలో ఆరంభమైనది 1959లో. అంతకు రెండేండ్ల ముందే మన ప్రేక్షకులు దూరదర్శన యంత్రం వంటిదానిని చూచి, ఇది ఏమిటని అడగకుండా ఒప్పుకొన్నారు. కారణం, అది యాదవుల ఇంట ఉన్నది. ద్వారక వారికి తెలిసిన ఊరు.

నాకు తోచినంతవరకు మంచి ట్రైలరు ప్రియదర్శిని పెట్టె వంటిది. ఒక్క పెట్టెనే అందరూ తెరుస్తారు. ఎవరికి వలసినది వారికి కనబడుతుంది.

‘మాయాబజార్’కు కె. వి. రెడ్డి వద్ద సహాయకుడుగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ తీసినాడు. కాలయంత్రం ఎక్కినవారు మొదట శ్రీకృష్ణదేవరాయల కాలానికి, తరువాత 2504వ సంవత్సరానికి పోతారు. రాయల కొలువును దాటించి గాని ఆయన ప్రేక్షకుని భవిష్యత్తులోకి తీసుకొనిపోలేదు. దత్తమండలాలుగా పిలువబడిన ఈ ప్రాంతం, 1928లో నంద్యాలలో జరిగిన సభలలో రాయలసీమ అనే పేరును స్వీకరించినది. ఆ పేరుతో బ్రతుకుతున్న వారికి రాయల కొలువు పరాయి చోటు కాదు.

అదే సింగీతం శ్రీనివాసరావు మార్గదర్శకుడుగా నిలిచిన మరొక చిత్రం, నాగ్ అశ్విన్ దర్శకత్వం వహించిన ‘కల్కి 2898 ఏ.డి.’ వైజయంతీ సంస్థ నిర్మించిన ఈ చిత్రం 2024 జూన్ 27వ తేదీన విడుదలైనది. ట్రైలరు అదే నెల 10వ తేదీన అయిదు భాషలలో వచ్చినది. నిడివి సుమారు మూడు నిమిషాలు. అందులో పట్టు ఎక్కడ ఉన్నదో చూతము.

మొదటిది, చిరపరిచయం. కాలం 2898; ఊరు కాశి. ముసలి యోధుడు ఒకడు, పేరు అశ్వత్థామ. శాపం మోస్తూ చావులేక తిరుగుతున్నాడని ఇంటిలో అవ్వ చెప్పగా విన్నవారికి, అతడు ఆ కాలంలో ఎట్లా ఉన్నాడన్న ప్రశ్నే రాదు. ఆరువేల యేండ్ల దూరాన్ని ఒక్క పేరు దాటించినది. రెండవది, వింతను ఇంటిదానిని చేయడం. కథానాయకుడు భైరవ ఎక్కే యంత్రవాహనం అతనితో మాటలాడుతుంది, ఎగతాళి చేస్తుంది; దాని పేరు బుజ్జి. మన ఇండ్లలో ఆ పేరు పెట్టి పిలువని బిడ్డ ఉండదు. బెదరవలసిన చోట ప్రేక్షకుడు నవ్వుతాడు. నవ్వినవాడు ఆ లోకంలో అడుగు పెట్టినట్లే. మూడవది, తెర మీద జడ. గర్భవతి అయిన స్త్రీ ఒకతె కనబడుతుంది; ఆమెను ఎందుకు వెదకుతున్నారో పూర్తిగా చెప్పరు. యాస్కిన్ అనే ప్రతినాయకుని క్షణకాలం మాత్రం చూపి తప్పిస్తారు. అశ్వత్థామకూ భైరవకూ పోరు చూపుతారు. ఎవరు గెలిచినారో చూపరు. దృశ్యాలు కథాక్రమంలో నడవవు; ప్రశ్నల క్రమంలో నడుస్తవి.

వీటన్నిటికంటె లోతైనది ఇంకొకటి ఉన్నది. క్రింద దుమ్ముకొట్టుకొనిపోయిన కాశి. పైన ఆకాశంలో తలక్రిందులైన గోపురం వలె వ్రేలాడే కాంప్లెక్స్. ఆ కథాలోకంలో గంగ ఎండిపోయినది. నీళ్లూ పచ్చదనమూ పైన కొద్దిమంది చేతిలో ఉన్నవి. క్రిందివారు అక్కడికి పోవడానికి బ్రతుకంతా కూడబెట్టుకొంటారు. ఈ దృశ్యం పట్టణవాసికి భయంకరమైన భవిష్యత్తుగా కనబడవచ్చు. కర్నూలు, కడప పల్లెలవారికి ఇందులో భవిష్యత్తు కొంచెమే. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిని కాల్చిన ధాత కరువు ఎక్కువగా బలిగొన్న జిల్లాలలో బళ్లారితో పాటు ఈ రెండూ ఉన్నవి. ఎండిన యేటిని చూపించి భయపెట్టవలసిన అవసరం ఇక్కడ లేదు. పెన్న ఇసుకలో చెలమ త్రవ్వి నీళ్లు తోడుకొన్నవారి సంతతి ఇది. కాశిలోని దుమ్ము వారికి తెలిసిన దుమ్ము. రాయలు వేషంలో తన రాజ్యాన్ని చూచినట్లే, వారు 2898లో తమ ఊరిని చూడగలరు. వైజ్ఞానిక కల్పన నిజంగా పట్టుకొనేది ఇట్లా. రేపటి పేరుతో నిన్నటిని చూపించి.

ఇంతవరకు ట్రైలరు గొప్పతనం. దానికి ఒక బాధ్యత కూడా ఉన్నది. ఆశ చూపించినవాడు ఋణస్థుడు. ‘కల్కి’ చిత్రం కథను ముగించక తరువాతి భాగానికి విడిచిపెట్టినది. ట్రైలరులో ఆ మాట లేదు. టిక్కెట్టు కొన్నవానికి ఇది చెప్పదగిన సంగతే.

ముందుగా చూపే ఆశలకు, తరువాత దక్కే ఫలానికి నడుమ దూరం ఎంతో ఈ సీమవారికి ఇతరులకంటె ఎక్కువగా తెలుసు. కర్నూలు–కడప కాలువ త్రవ్వబూనిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ, పొలాలు పండుతవని, పడవలు నడుస్తవని చెప్పి ఇంగ్లండులో వాటాలు అమ్మినది. ప్రభుత్వం అయిదు శాతం వడ్డీకి హామీ నిలిచినది. 1863లో పని మొదలైనది. ఆశించిన రాబడి రాలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కొన్నది. 1937 నవంబరు 16వ తేదీన మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక, నదీజలాలలో రాయలసీమకు ముందు చోటు ఇస్తామన్నది. ఆ మాట ఎంతవరకు నెరవేరినదన్న చర్చ నేటికీ ముగియలేదు. అయినా న్యాయంగా చెప్పవలె. ఆ కాలువ నేటికీ సుంకేసుల నుంచి తుంగభద్ర నీటిని నంద్యాల మీదుగా కడప వైపు తెస్తూనే ఉన్నది. చెప్పినంత కాకపోయినా, చెప్పినదానిలో నిలిచినది కొంత ఉన్నది.

అందుచేత ట్రైలరును చూచేవాడు రెండు ప్రశ్నలు దగ్గర పెట్టుకొంటే మేలు. ఇది నాకు ఏమి చూపినది? చూపకుండా విడిచిన చోటును నేను దేనితో నింపుకొన్నాను? మొదటిదానికి సినిమా తీసినవారు బాధ్యులు. రెండవది మన సొంతం. చిత్రం చూచి ఆశాభంగం పొందినామని అనుకొనేటప్పుడు, అందులో వారు తప్పిన మాట ఎంత, మనం కట్టుకొన్న కోట ఎంత అని వేరుచేసి చూడవచ్చు. పిల్లలకు ఈ వివేకం చిన్ననాడే అలవడితే, సినిమా ప్రకటనల దగ్గరనే కాక, మరింత పెద్ద ప్రకటనల దగ్గర కూడా వారికి అక్కరకు వస్తుంది.