టెక్నిక్స్ టర్న్‌టేబుల్ చరిత్ర: తయారీదారు, వినియోగదారు

ఒక వస్తువు చరిత్ర కర్మాగారంలో మొదలవుతుంది కాని అక్కడే ముగియదు. కొన్నవారు దానిని ఎలా వాడారన్నది కూడా చరిత్రలో భాగమే. జపాన్‌కు చెందిన టెక్నిక్స్ టర్న్‌టేబుల్ ఇందుకు మంచి ఉదాహరణ.

డైరెక్ట్ డ్రైవ్ ఆవిర్భావం

కొనోసుకే మత్సుషితా 1918లో ఒసాకాలో స్థాపించిన విద్యుత్ పరికరాల సంస్థ, 1965లో మేలు రకం ఆడియో పరికరాల కోసం టెక్నిక్స్ అనే పేరును ప్రవేశపెట్టింది. ఎల్‌పీ రికార్డు నిమిషానికి 33⅓ సార్లు తిరగాలి. అప్పటి టర్న్‌టేబుళ్లలో మోటారు ఇంతకన్నా చాలా వేగంగా తిరిగేది. అందువల్ల వేగం తగ్గించడానికి మధ్యలో బెల్టు గాని రబ్బరు చక్రం గాని ఉండేది. కాలక్రమేణా బెల్టు సాగేది, రబ్బరు అరిగేది. మోటారు అదురు ముల్లు దాకా చేరి గురగుర చప్పుడుగా వినిపించేది. షుయిచి ఒబాటా, ఆయన సహచర ఇంజనీర్లు బెల్టును, చక్రాన్ని తొలగించి, నెమ్మదిగా తిరిగే మోటారుకే రికార్డు పళ్లేన్ని నేరుగా అమర్చారు. ఇదే డైరెక్ట్ డ్రైవ్. ఈ పద్ధతిలో 1970లో ఎస్‌పీ-10, 1972లో ఎస్‌ఎల్-1200 వెలువడ్డాయి.

వాద్యంగా మారిన యంత్రం

ఇళ్లలో సంగీతం వినేవారి కోసం చేసిన ఎస్‌ఎల్-1200ను న్యూయార్క్ వంటి నగరాల డీజేలు తమదిగా చేసుకున్నారు. 1973లో బ్రాంక్స్ ప్రాంతంలో కూల్ హెర్క్ రెండు టర్న్‌టేబుళ్లతో పాటలోని డ్రమ్ముల భాగాన్ని పొడిగించే పద్ధతికి బాట వేశాడు. హిప్‌హాప్ సంగీతానికి ఇదే పునాది. తరువాతి డీజేలు రికార్డును చేత్తో ముందుకు వెనక్కు తిప్పుతూ కొత్త ధ్వనులు పుట్టించారు. ఈ మోటుదనాన్ని బెల్టు తట్టుకోలేదు. డైరెక్ట్ డ్రైవ్ తట్టుకుంది. 1979 నాటి ఎంకే2 నమూనాలో వేగాన్ని 8 శాతం వరకు పెంచడానికి, తగ్గించడానికి జారుడు మీట చేరింది.

నిలుపుదల, పునరాగమనం

1982లో సీడీ రాకతో రికార్డుల గిరాకీ క్రమంగా పడిపోయింది. డీజేల వల్లనే ఎస్‌ఎల్-1200 మరో మూడు దశాబ్దాలు నిలిచింది. 2008లో పానసోనిక్‌గా పేరు మార్చుకున్న సంస్థ 2010లో దాని ఉత్పత్తిని ఆపివేసింది. 2016లో తిరిగి తెచ్చినప్పుడు ధర సుమారు 4,000 డాలర్లు! యంత్రానికి పేరు తెచ్చిన డీజేలలో చాలామందికి అది అందని ధర. 2019లో ఎంకే7 అందులో నాలుగో వంతు ధరకు వచ్చాకనే ఆ లోటు కొంత తీరింది.

సారాంశం

డైరెక్ట్ డ్రైవ్‌ను ఇంజనీర్లు రూపొందించారు. దాని ప్రయోజనాన్ని విస్తరించింది వినియోగదారులు. సాంకేతిక చరిత్రను రాసేటప్పుడు ఈ ఇరువర్గాలనూ లెక్కలోకి తీసుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: సీడీ వచ్చిన తరువాత కూడా ఎస్‌ఎల్-1200 నిలవడానికి కారణాలు వివరించండి.