కత్తి నుంచి కాల్పనిక దృశ్యం దాకా: లైంగిక నొప్పి చికిత్సా చరిత్ర

ఒక వ్యాధికి పేరు ఎవరు పెట్టారు, దాని కారణాన్ని ఎక్కడ వెతికారు అనేవి వైద్యచరిత్రలో మౌలికమైన ప్రశ్నలు. ఈ భాగంలో మీరు వాటిని వెజైనిస్మస్ అనే స్థితికి అన్వయించి చూస్తారు. కలయికకు గాని, వైద్యపరీక్షకు గాని ప్రయత్నించినప్పుడు యోని చుట్టూ ఉన్న కండరాలు స్త్రీ ప్రమేయం లేకుండానే బిగుసుకోవడం, నొప్పి, ఆ నొప్పి గురించిన భయం దీని లక్షణాలు.

ఈ పేరు పెట్టినవాడు అమెరికన్ శస్త్రవైద్యుడు జేమ్స్ మారియన్ సిమ్స్. 1840లలో అలబామాలో బానిస స్త్రీలపై మత్తుమందు లేకుండా శస్త్రచికిత్సలు ప్రయోగించినవాడు ఇతడే. 1860ల ఆరంభంలో వెజైనిస్మస్‌ను వర్ణిస్తూ, కన్నెపొరను తొలగించి, యోనిద్వారాన్ని కోసి, గాజు డైలేటర్ అమర్చడమే చికిత్స అన్నాడు. అంటే అతని దృష్టిలో సమస్య శరీరభాగానిది. భయానికి అందులో చోటు లేదు.

1958లో జోసెఫ్ వోల్పే భయాన్ని మెట్టుమెట్టుగా, సడలింపు స్థితిలో ఎదుర్కొనే పద్ధతిని గ్రంథరూపంలో వివరించాడు. 1970లో మాస్టర్స్, జాన్సన్‌లు కత్తిని పక్కనపెట్టి, క్రమంగా పరిమాణం పెంచే డైలేటర్లతో దంపతులిద్దరినీ చికిత్సలో చేర్చారు. 2013లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో చికిత్సకురాలి సమక్షంలో స్త్రీలు తామే ఈ అభ్యాసాలు చేశారు. చికిత్స పొందిన 35 మందిలో 31 మందికి కలయిక సాధ్యమైంది. వేచి ఉన్న 35 మందిలో నలుగురికే సాధ్యమైంది.

వర్చువల్ రియాలిటీ ఈ వరుసలో తాజా మెట్టు. 1995లో రాత్‌బామ్, హాడ్జెస్ బృందం ఎత్తులంటే భయపడేవారికి దీన్ని ప్రయోగించింది. అదే సూత్రంతో పరీక్షగది వంటి దృశ్యాలను హెడ్‌సెట్‌లో చూపవచ్చు. ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది ఆమే. అయితే దృశ్యంలో స్పర్శ ఉండదు కనుక శరీరాభ్యాసానికి ఇది తోడు మాత్రమే. లైంగిక నొప్పి విషయంలో పరిశోధన ఇంకా తొలిదశలోనే ఉంది.

దీన్ని కేవలం పరికరాల ప్రగతిగా చదవకండి. సిమ్స్ కాలంలో నిర్ణయం వైద్యునిది. నేడు అది క్రమంగా స్త్రీ చేతికి వస్తోంది. కాని మార్పు అసంపూర్ణం. పై అధ్యయనం కూడా విజయాన్ని ప్రధానంగా కలయికతోనే కొలిచింది. నొప్పి లేకుండా, భయం లేకుండా జీవించడం దానంతటదే విజయం కాదా? "సర్దుకుపో" అనే సలహా వినిపించే ప్రతిచోటా ఈ ప్రశ్న అవసరం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: చికిత్సా విజయాన్ని ఎవరి అవసరం దృష్ట్యా కొలిచారు? సిమ్స్ పద్ధతిని, 2013 అధ్యయనాన్ని పోల్చి పది వాక్యాల్లో రాయండి.