అల్ట్రామెరైన్ నీలం

సోడియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్, గంధకం కలిసి ఏర్పడిన అకర్బన వర్ణకం అల్ట్రామెరైన్. తెల్లబట్టలకు పెట్టే నీలం పొడి ఇదే. గోడల సున్నంలో చిటికెడు కలిపే నీలం కూడా ఇదే. నీలి మొక్క నుంచి తీసే నీలిమందుతో దీనికి చుట్టరికం లేదు. నీలిమందు కర్బన రంజనం, అల్ట్రామెరైన్ ఖనిజం.

దీని పుట్టిల్లు లాపిస్ లాజులి రాయి. మన రసశాస్త్రం దాన్నే రాజావర్తం అంటుంది. ఆఫ్ఘనిస్థాన్‌లోని బదక్షాన్ కొండల్లో, సర్-ఇ-సంగ్ గనుల్లో వేల ఏళ్లుగా దాన్ని తవ్వుతున్నారు. బామియాన్ గుహల చిత్రాల్లోనూ అజంతా చిత్రాల్లోనూ ఈ నీలం ఉంది. ఐరోపాకు వెనిస్ రేవు మీదుగా చేరేది.

రాయిని ఊరికే నూరితే మంచి రంగు రాదు. అందులోని కాల్సైట్, పైరైట్ కలిసిపోయి బూడిద ఛాయ వస్తుంది. నీలాన్ని వేరుచేసే పద్ధతిని 1400 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీనీ రాసిపెట్టాడు. రాతిపొడిని మైనం, గుగ్గిలం లాంటి జిగురులతో ముద్దచేసి, కనీసం మూడు రోజులు నానబెట్టి, బూడిద తేటలో చేత్తో పిసకాలి. నీలపు రేణువులు జారి అడుగున దిగుతాయి, మలినాలు ముద్దలోనే ఉండిపోతాయి. మొదటిసారి దిగినదే మేలైన రంగు. తరువాతి పిసుకుళ్లలో ఛాయ తగ్గుతూ చివరికి బూడిదే మిగులుతుంది. ఇంత శ్రమ, అంత దూరపు రవాణా కలిసి దాని ధరను బంగారంతో పోల్చే స్థాయికి తెచ్చాయి. మేరీమాత వస్త్రానికి ఏ రకం నీలం వాడాలో చిత్రకారుల ఒప్పందాల్లోనే రాసుకునేవారు.

కృత్రిమ నీలానికి దారి చూపింది బట్టీలే. 1787లో ఇటలీ పర్యటనలో జర్మన్ కవి గోథే పలెర్మో దగ్గర సున్నపు బట్టీల్లో పేరుకున్న నీలి పదార్థాన్ని గమనించాడు. 1806లో ఫ్రెంచి రసాయనికులు క్లెమాన్, డెజోర్మ్ రాతినుంచి తీసిన నీలాన్ని విశ్లేషించి అందులో ఏముందో తేల్చారు. 1814లో సెయింట్ గోబైన్‌లోని సోడా కొలిమిలో రసాయనికుడు తస్సేర్‌కు అలాంటి నీలమే దొరికింది. 1824లో ఫ్రాన్స్ పరిశ్రమల ప్రోత్సాహక సంఘం 6,000 ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. కిలో ధర 300 ఫ్రాంకులు మించకూడదని షరతు. 1828లో ఆ బహుమతి జాన్ బాప్టిస్ట్ గిమేకు దక్కింది. అదే ఏడు జర్మనీలోని ట్యూబింగెన్ ఆచార్యుడు క్రిస్టియాన్ గ్మెలిన్ తన పద్ధతిని అందరికీ తెలిసేలా ప్రచురించాడు. ఎవరు ముందు అన్న వివాదం రేగింది. గిమే తన పద్ధతిని గుట్టుగా ఉంచాడు. కాబట్టి ఈ పరిశ్రమ నలుగురి చేతికీ రావడంలో గ్మెలిన్ ప్రచురణకు పెద్ద వాటా ఇవ్వడమే న్యాయం. 1834లో జర్మనీలో కార్ల్ లెవర్కుస్ ఫ్యాక్టరీ పెట్టాడు. నేటి లెవర్కుసెన్ నగరం ఆయన పేరుమీదే ఉంది.

తయారీకి కావలసినవి చవక సరుకులే: చీనా మట్టి, సోడా బూడిద, గంధకం, బొగ్గు లేదా తారు. వీటిని కలిపి మెత్తగా దంచి, గాలి తగలకుండా 750–800 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుస్తారు. తరువాత మెల్లగా చల్లారుస్తూ గాలి సోకనిస్తారు. ముందు ఆకుపచ్చగా ఉన్న ముద్ద ఈ దశలోనే నీలమవుతుంది. ఆపైన కడిగి, నూరి, రేణువుల సైజును బట్టి వేరుచేస్తారు. కాల్పులో వెలువడే సల్ఫర్ డయాక్సైడే ఈ పరిశ్రమకు ఉన్న పెద్ద బెడద. దాన్ని పొగగొట్టం దాటకుండా పట్టుకోవడం తప్పనిసరి.

ఈ నీలంలో రాగి, కోబాల్ట్ వంటి రంగునిచ్చే లోహాలేవీ లేవు. అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ అల్లుకున్న పంజరాల్లో మూడేసి గంధకపు పరమాణువుల రుణావేశ గుంపులు బందీలుగా ఉంటాయి. అవి 600 నానోమీటర్ల దగ్గరి పసుపు, నారింజ కాంతిని మింగేస్తాయి, కంటికి నీలం మిగులుతుంది. రెండేసి పరమాణువుల గుంపులు పసుపు ఛాయనిస్తాయి. బట్టీలో మధ్యలో కనిపించే ఆకుపచ్చకు అదే కారణం. ఎండకు, వేడికి, సున్నానికి ఈ రంగు చెక్కుచెదరదు. ఆమ్లం తగిలితే మాత్రం పంజరం విరిగి, కుళ్లిన గుడ్ల వాసనతో రంగు పోతుంది.

చాకిరేవులో దీని పని కూడా కాంతి లెక్కే. ఉతికిన కొద్దీ నూలుబట్ట పసుపుదేరుతుంది, అంటే నీలికాంతిని కొంత మింగుతుంది. నీలం రేణువులు పసుపు కాంతిని మింగి దాన్ని సరిచేస్తాయి. బట్ట నిజానికి రవ్వంత ముదురుతుంది, కంటికి మాత్రం తెల్లగా అనిపిస్తుంది. ఈ పొడి నీళ్లలో కరగదు. అందుకే గుడ్డలో మూటకట్టి నీళ్లలో ఆడిస్తారు. నేరుగా చల్లితే బట్ట మీద మచ్చలు పడతాయి.

చవకైన నీలం చిత్రకళనూ మార్చింది. ఫ్రెంచి చిత్రకారుడు రెనువార్ ‘గొడుగులు’ చిత్రంలో ముందు గీసిన భాగానికి కోబాల్ట్ నీలం, కొన్నేళ్ల తరువాత గీసిన భాగానికి కృత్రిమ అల్ట్రామెరైన్ వాడాడు. ఫ్రెంచి కళాకారుడు ఈవ్ క్లైన్ 1960లో నమోదు చేయించుకున్న ప్రసిద్ధ నీలానికీ ఆధారం ఇదే.

సబ్బుపొడుల్లో మెరుపునిచ్చే రసాయనాలు వచ్చాక నీలం పొడి వాడకం తగ్గింది. మార్కెట్లో దొరికే ద్రవ నీలాలు చాలావరకు కర్బన రంజనాలే. ఇప్పుడు అల్ట్రామెరైన్ ప్రధానంగా ప్లాస్టిక్, పెయింట్లు, ముద్రణ సిరాలు, సౌందర్య సాధనాల పరిశ్రమలకు వెళ్తోంది.