నకలుకు వచ్చిన ఊపిరి

సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు అడిగారు. కోర్టు నకళ్ళ సెక్షనులో ఉద్యోగమంతా గడిపిన నాకు ఒక నకలు సంగతే తోచింది. అయితే ఇది కాగితం నకలు కాదు. మా మనవడు చేసిన మారుత్ జెట్ విమానం నమూనా.

అసలు మారుత్‌ను మన తరం మరచిపోలేదు. 1956లో మన దేశానికి వచ్చిన జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ ఆధ్వర్యంలో బెంగుళూరు హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ దాన్ని రూపొందించింది. ముందు అదే సైజులో ఇంజను లేని చెక్క గ్లైడరు చేసి 1959లో ఎగరేసి చూశారు. 1961 జూన్ 17న సురంజన్ దాస్ నడపగా తొలి జెట్ లేచింది. ధ్వనిని మించే వేగానికి తగిన ఆకారమే గాని, తగిన ఇంజను దొరకలేదు. అనుకున్న బ్రిటిష్ ఇంజను తయారీ ఆగిపోవడంతో శక్తి చాలని రెండు ఆర్ఫియస్ ఇంజన్లతో సర్దుకున్నారు. శక్తి పెంచే ప్రయత్నంలో ఉన్న విమానం 1970 జనవరిలో కూలి దాస్ మరణించారు. 1971 యుద్ధంలో మారుత్‌లు పాల్గొన్నాయి. 1990 నాటికి సర్వీసు నుండి తప్పుకున్నాయి.

మా తమ్ముడు జోధ్‌పూర్‌లో ఎయిర్‌మన్‌గా వాటి మీద పనిచేశాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా "ఒళ్ళుంది గాని ఊపిరి చాలదు అన్నయ్యా" అనేవాడు.

నమూనా జెట్ల కథా చాలాకాలం అంతే. 1937లోనే అమెరికాలో గుడ్ అనే కవల సోదరులు రేడియోతో నడిచే నమూనాను ఎగరేశారు. 1957 జూన్ 30న ఇంగ్లండులో కల్నల్ టాప్లిన్ 'రేడియో క్వీన్' అనే నమూనాను విద్యుత్తుతో ఎగరేశారు. కాని జెట్ ముక్కుకు ప్రొపెల్లరు తగిలిస్తే అది జెట్‌లా కనబడదు గదా! అందుకని గొట్టంలో దాగిన పంకాను వాడారు. పంకా ముందునుంచి గాలి లాగి వెనక్కి చిమ్ముతుంది. మొదట్లో దాన్ని చిన్న ఇంధన ఇంజనుతో తిప్పేవారు. రొద, జిడ్డు, స్టార్ట్ చేయడానికి అవస్థ. పోనీ బ్యాటరీతో తిప్పుదామంటే, నికెల్ కాడ్మియం సెల్లు ఇచ్చేది 1.2 వోల్టులు, బరువు చూస్తే ఎక్కువ.

1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. అదే వంశపు లిథియం పాలిమర్ సెల్లు 3.7 వోల్టులది, తేలిక కూడా. బ్రష్‌లు లేని మోటారు దానికి తోడవడంతో బ్యాటరీ జెట్లు అందరికీ అందాయి. లిథియం బ్యాటరీలకు బాటవేసిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. అసలు మారుత్‌కు దొరకని ఊపిరి నమూనాకు దొరికింది.

మావాడు మొదలుపెట్టినప్పుడు "ఈ వయసులో బొమ్మలేమిట్రా?" అని విసుక్కున్నాను. వాడు మారు మాట్లాడక, తమ్ముడి ట్రంకుపెట్టెలోని పాత ఫొటోలు తెచ్చి నా ముందు పరిచాడు. రంగులు, అంకెలు, రెక్కల అతుకులు అన్నీ అందులోవే. అలవాటు పోలేదు; నేనే కూర్చుని కంపేర్ చేసిపెట్టాను. ఒక్క తేడా పట్టుకున్నాను. లోపలి రెండు పంకాలకు గాలి చాలదని పొట్టకింద అదనంగా రంధ్రాలు పెట్టాడు. "ట్రూ కాపీ ముద్ర వేయను" అన్నాను. "ఎగరాలి గదా తాతయ్యా" అన్నాడు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ బ్యాటరీలు దెబ్బ తిన్నా, ఉబ్బినా నిప్పంటుకోవచ్చు. మావాడు ఆరుబయట రాతిబండ మీద పెట్టి, దగ్గరుండి చార్జి చేస్తాడు.

కోతలయ్యాక మడిలో ఎగరేశాడు. నాలుగే నిమిషాలు. ఈలవేస్తూ తలమీదుగా వెళ్ళి వెనక్కి తిరిగింది. అసలు మారుత్‌లు మ్యూజియాలలో కదలక నిలబడి ఉన్నాయి. తమ్ముడు పోయి ఆరేళ్ళయింది. "ఊపిరి చాలింది రా" అని పైకే అన్నాను.

మిత్రులారా, మీ ఇళ్ళలోనూ సైన్యంలోనో, రైల్వేలోనో, డ్యాముల మీదనో పనిచేసినవారి ఫొటోలు పెట్టెల్లో ఉంటాయి. చెదలు పట్టకముందే పిల్లల చేతికివ్వండి. అసలు పోయినా, ఆ నకలు మిగులుతుంది.