నిరాశ్రయ మహిళలు: లెక్కకు అందని నగరవాసులు

2011 జనగణన ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు 17.73 లక్షల మంది. వారిలో 9.38 లక్షల మంది పట్టణాల్లో ఉన్నారు. ఆ ఏడాది ఫిబ్రవరి 28 రాత్రి ఫుట్‌పాత్‌లు, ఫ్లైఓవర్ల కిందిచోట్లు, రైల్వే ప్లాట్‌ఫారాలు, గుడి మండపాలు తిరిగి తీసిన లెక్క ఇది. ఒక్క రాత్రిలో, ఆరుబయట కనిపించినవారిని రాసుకునే ఈ పద్ధతికి ఎక్కువగా అందకుండా పోయేది ఆడవాళ్లేనని నా అభిప్రాయం. రోడ్డున పడ్డ ఆడమనిషి క్షేమంగా తెల్లవారాలంటే ముందు ఎవరి కంటా పడకూడదు. ప్రభుత్వాసుపత్రి వరండాలో రోగి తాలూకు మనిషిలా కూర్చుంటుంది. బస్టాండులో సంచి ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్నట్టు రాత్రంతా మేలుకుంటుంది. కునుకు తీసేది పగలే, జనం మసలే చోట. చీకట్లో మరుగుదొడ్డి వెతుక్కోవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది. నెలసరి గుడ్డ ఉతుక్కున్నా ఆరేసుకునే తావుండదు.

మన ఆశ్రయ విధానానికి ఊపు వచ్చింది చలికాలపు మరణాల నుంచి. 2009 డిసెంబరులో ఢిల్లీ పూసా రోడ్డు దగ్గర తాత్కాలిక ఆశ్రయాన్ని కూల్చేశాక, ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2010లో జోక్యం చేసుకుంది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు లక్ష జనాభాకు ఒక ఆశ్రయం ఉండాలని, అది ఏడాది పొడుగునా పగలూ రాత్రీ తెరిచి ఉండాలని చెప్పాయి. మహిళలకు ప్రత్యేక కేంద్రాలనూ సూచించాయి. ఇవి ప్రాణాలు నిలిపే ఏర్పాట్లే, సందేహం లేదు. కానీ జనాభాను బట్టి మంచాలు లెక్కగట్టే విధానం, ఆమె ఏ దారిన రోడ్డు మీదికి వచ్చిందో అడగదు. కొన్ని మహిళా కేంద్రాల్లో ఎదిగిన మగపిల్లవాణ్ని ఉండనివ్వరు. కొడుకును విడిచి లోపలికి వెళ్లమంటే ఏ తల్లి వెళుతుంది?

ఆ దారి చాలామందికి ఇంట్లోనే మొదలవుతుంది. 2005 నాటి గృహహింస చట్టంలోని 17వ సెక్షన్, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కును భార్యకు ఇచ్చింది. ఆ ఇల్లు అత్తమామల పేరున ఉన్నా హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో సతీష్ చందర్ అహూజా కేసులో తేల్చింది. మంచి తీర్పే. అయితే ఉత్తర్వు చేతికొచ్చేదాకా ఎన్ని వాయిదాలో! అన్ని రాత్రులూ ఆమె ఎక్కడో ఒకచోట తలదాచుకోవాలి. పుట్టింటివాళ్లు కాదన్నాక, దరఖాస్తులో ‘తండ్రి/భర్త పేరు’ అన్న గడి దగ్గరే కలం ఆగిపోతుంది. ఒంటరి మహిళ పింఛను కావాలన్నా, ఆడవారి పేరిటే ఇచ్చే ఇంటి పట్టా కావాలన్నా చిరునామా చూపాలి. ఇల్లు లేకపోవడం వల్లే ఇంటి పథకానికి దూరమవడం కన్నా పెద్ద అన్యాయం ఈ వ్యవస్థలో నాకు కనిపించలేదు.

మానసిక అనారోగ్యంతో వీధిన పడ్డవారి సంగతి మరీ దయనీయం. చెన్నైలో 1993లో ఇద్దరు యువతులు, వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్, ఇలాంటి మహిళల కోసమే బాన్యన్ సంస్థను స్థాపించారు. కోలుకున్నా తీసుకెళ్లేవారు రానివారిని అక్కడ వార్డులోనే ఉంచేయలేదు. మామూలు వీధుల్లో ఇళ్లు అద్దెకు తీసుకుని నలుగురైదుగురిని కలిపి ఉంచారు, తోడుగా ఒక కార్యకర్తను పెట్టారు. వంట ఏం చేయాలో, బజారుకు ఎవరు వెళ్లాలో వాళ్లే తేల్చుకుంటారు. ఇల్లు లేదన్న ఒక్క కారణంతో ఎవరినీ చికిత్సాలయంలో ఉంచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. కనుక ఇలాంటి అద్దె ఇళ్లకు డబ్బు సమకూర్చడం దాతల ఉదారతకు వదిలేయాల్సిన పని కాదు, ప్రభుత్వ బడ్జెట్‌లో ఉండాల్సిన పద్దు.

హైదరాబాద్‌లో 2017 నవంబరులో, అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు, భిక్షాటనను నిషేధించి యాచకులను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. తలదాచుకునే చోటును, పట్టుకుపోయే చోటును ఒకే యంత్రాంగం చూపిస్తుంటే, పిలిచినా ఆమె ఆశ్రయానికి ఎందుకు రాదో వేరే చెప్పక్కర్లేదు. ఏడాది తిరక్కుండానే, 2018 ఆగస్టులో, యాచనను నేరంగా చూసే నిబంధనలను ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. 1977 నాటి మన భిక్షాటన నిరోధక చట్టాన్నీ అదే గీటురాయిపై పరీక్షించాలి. ఆశ్రయ కేంద్రం చిరునామాను రేషన్ కార్డుకు, పింఛనుకు చెల్లుబాటు చేస్తూ ఉత్తర్వు ఇవ్వడానికి కొత్త చట్టం కూడా అవసరం లేదు.