అఫ్జల్‌గంజ్ చింతచెట్టు కింద మన బ్యాచి

గత డిసెంబరులో 1986 టెన్త్ బ్యాచి వాళ్లం ముప్పై మందిమి బస్సు మాట్లాడుకుని ఒకరోజు హైదరాబాద్ చూసివచ్చాం. తొమ్మిదో తరగతిలో మన సోషల్ సారు తీసుకెళ్లిన చోట్లకే వెళ్దామని ముందే అనుకున్నాం. గోల్కొండ ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దగ్గరున్నవాళ్లకు వినిపించాయి. మోకాళ్ల నొప్పులతో సగం మంది కిందే ఉండిపోయారు కాబట్టి చప్పట్లకు మనుషుల కొరత రాలేదు. 1591 నాటి చార్మినార్ ముందు ఫొటో దిగి, మదీనా దగ్గర బిర్యానీ, ఖుబానీ కా మీఠా తిని, ఇరానీ చాయ్ తాగాం.

అప్పట్లో సారు చూపించనిది ఒకటి ఈసారి కలిపాం: ఉస్మానియా దవాఖానా ఆవరణలోని చింతచెట్టు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఈ చెట్టెక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ వరదలో పోయినవారు సుమారు 15,000 మంది. అఫ్జల్‌గంజ్ వంతెన కొట్టుకుపోయింది. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన పురానాపూల్ మాత్రం నిలబడింది. వాన ఒక్కటే కారణం కాదు. ఎగువన వందల చెరువులు, ఒకదాని అలుగు నీళ్లు ఇంకోదానిలో పడే గొలుసుకట్టు. పై కట్ట తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. అలా రెండొందలకు పైగా తెగాయి. 1909లో నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఊళ్లో కట్టలు పోస్తే చాలదు, వరదను ఊరికి రాకముందే పట్టి మెల్లగా వదలాలి అన్నది ఆయన లెక్క. అలా వచ్చినవే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927). గండిపేట నీళ్ల రుచి గురించే మనం గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఆ జలాశయం మొదటి పని వరద కోసం కొంత చోటు ఖాళీగా ఉంచుకోవడం. నీళ్లు నింపమని అడిగేవాళ్లే అందరూ. ఖాళీగా ఉంచడానికి ఒప్పించడమే మా ఇంజనీర్లకు కష్టం.

ఇదంతా చెట్టు కింద నిలబడి ఉత్సాహంగా చెబుతున్నాను. మనవాళ్లలో ఒకడు మాత్రం మాట్లాడలేదు. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు ఎగువ చెరువు నీళ్లు వాడి కాలనీలోకి వచ్చాయి. భార్యనూ, ముసలి తల్లినీ పట్టుకుని తెల్లారేదాకా డాబా మీదే ఉన్నాడు. ఆ కాలనీ ఒకప్పటి చెరువు శిఖం. ప్లాటు కొనేముందు చూడటానికి నన్నే తీసుకెళ్లాడు. ఎండాకాలం, నేల గట్టిగా ఉంది. గ్రామపటం తెప్పించి చూడకుండానే "తీసుకోరా, ఏం కాదు" అన్నాను.

వాడు చెట్టు మొదలు మీద చెయ్యి వేసి, "ప్లాటు కన్నా ముందుగాల ఈ చెట్టు చూపియ్యకపోతివి గదరా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

తిరుగు బస్సులో వాడి పక్కనే కూర్చున్నాను. ఇల్లు అమ్మడట, అమ్మితే కొన్నవాడు మునగడా అంటాడు. జాకీలతో ఇంటిని లేపిస్తారట కదా, ఎంతవుతుంది అని అడిగాడు. ముందు పటం తెప్పించి, చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో లెవెల్ తీసి చెబుతానన్నాను. వచ్చే ఆదివారం వెళ్తున్నాను.